ఉద్యోగం మానేసి వచ్చిన కొడుకు

మూడేళ్ళ క్రితం ఒక శనివారం సాయంత్రం మా అక్క ఫోను చేసింది. "తమ్ముడూ, నువ్వొకసారి రావాలి. అబ్బాయి ఉద్యోగం మానేసి వచ్చాడు" అంది. ఆ గొంతు వింటే ఇంట్లో ఎవరికో ప్రాణం మీదికి వచ్చిందేమో అనిపించింది. మరునాడు ఆరాధన ముగియగానే బస్సెక్కాను.

మా మేనల్లుడు సివిల్ డిప్లొమా చదివాడు. పట్నంలో అపార్టుమెంట్లు కట్టే ఒక కాంట్రాక్టరు దగ్గర ఎనిమిదేళ్ళు సైటు ఇంజనీరుగా చేశాడు. నెల తిరిగేసరికి జీతం. క్రిస్మసుకు ఊరికి వచ్చినప్పుడు తల్లికి చీర, తండ్రికి పంచెల చాపు, సంఘానికి కానుక. మా బావగారు ముప్పై ఏళ్ళు కౌలు సేద్యం చేసిన మనిషి. ఒక పంట మిగిలితే రెండు పంటలు పోగొట్టుకున్నారు. అందుకే కొడుకు మాత్రం నెలజీతగాడు కావాలని పట్టుబట్టి చదివించారు. ఆ కోరిక తీరినప్పుడు ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టించి ఊరందరికీ భోజనం పెట్టారు. ఆ భోజనానికి చేసిన అప్పు తీరడానికి ఏడాది పట్టిందన్న సంగతి మా అక్క నాకు తర్వాత చెప్పింది.

నేను వెళ్ళేసరికి బావగారు అరుగు మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. నన్ను చూసి లేవలేదు. "మీ మేనల్లుడికి బుద్ధి చెప్పండి. నా మాట వాడి చెవికి ఎక్కడం లేదు" అన్నారు గోడకే చెబుతున్నట్టు. లోపల కోడలు పిల్లవాడికి అన్నం పెడుతోంది. ఆ అమ్మాయి ముఖంలో కోపమూ లేదు, సంతోషమూ లేదు. లెక్క వేసుకుంటున్న ముఖం అది.

అబ్బాయిని చెరువు గట్టు మీదికి తీసుకువెళ్ళి అడిగాను. పై అధికారి ఏమైనా అన్నాడా? జీతం ఆపారా? అలాంటిదేమీ లేదన్నాడు. "ఎనిమిదేళ్ళలో నేను కట్టించిన వాటాల్లో ఎవరుంటున్నారో నాకు తెలియదు మావయ్యా. గోడలు కట్టిన కూలీలు రేకుల కింద వంట చేసుకుంటారు. పని అయిపోగానే ఇంకో రేకుల షెడ్డుకు పోతారు. మన పేటలో చూడు. ఇల్లు మంజూరైందని పునాది తీస్తారు, గోడలు లేచేసరికి డబ్బయిపోతుంది. సగం గోడల మధ్య తుమ్మచెట్లు మొలిచిన ఇళ్ళు ఎన్ని లేవు? తక్కువ ఖర్చులో గట్టి ఇల్లు కట్టే పద్ధతి ఉంది. నేను నేర్చుకున్నాను. అదే చేస్తాను" అన్నాడు.

చొక్కా జేబులోంచి ఒక పల్చటి పుస్తకం తీసి నా చేతిలో పెట్టాడు. జిరాక్సు కాయితాలు దారంతో కుట్టినది. పేజీ నిండా చేత్తో గీసిన ఇటుకలు, పెంకులు, కిటికీలు, పక్కన చేతిరాతలో వివరాలు. వాటిని గీసిన మనిషి పేరు లారీ బేకర్.

నేను రిటైరైన బడిపంతుల్ని. కుటుంబాల్లో తగవు వస్తే నలుగురూ నన్ను పిలుస్తారు, నాకు తోచింది చెబుతాను. కాని ఆ రోజు నాకు మొదట తోచింది ఆత్మీయమైన మాట కాదని ఒప్పుకోవాలి. వాళ్ళ చెల్లెలి పెళ్ళికి తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు. దాన్ని ఎవరు తీరుస్తారన్నదే నాకు మొదట తోచింది. ఏదీ తేల్చకుండా ఆ పుస్తకాన్ని ఇంటికి తెచ్చుకుని చదివాను. తర్వాత ఆ మనిషిని గురించి దొరికినదంతా చదివాను. ప్రియ పాఠకులారా, మీ ఇళ్ళలో కూడా ఇలాంటి కొడుకో కూతురో ఉండవచ్చు. అందుకే ఆయన సంగతి కొంచెం వివరంగా రాస్తున్నాను.

గుడ్డపేలికల చెప్పులు

లారీ బేకర్ 1917 మార్చి 2వ తేదీన ఇంగ్లండులోని బర్మింగ్‌హాము నగరంలో ఒక మెథడిస్టు కుటుంబంలో పుట్టారు. యౌవనంలో క్వేకర్ల సమాజంలో చేరారు. క్వేకర్లంటే పాదిరిగారు, బలిపీఠం లేకుండా మౌనంగా కూర్చుని ఆరాధించేవారు. యుద్ధం చేయడం తప్పని నమ్మేవారు. బేకర్ 1937లో గృహనిర్మాణ శాస్త్రం చదువు పూర్తి చేశారు. రెండేళ్ళకే ప్రపంచ యుద్ధం మొదలైంది. తుపాకీ పట్టనన్న ఈ యువకుడు క్వేకర్ల అంబులెన్సు దళంలో చేరి చైనా వెళ్ళారు. అక్కడ ఇళ్ళు కట్టే పని ఎవరికి కావాలి? ఆపరేషను బల్ల దగ్గర రోగులకు మత్తుమందు ఇచ్చే పని నేర్చుకున్నారు. కుష్ఠురోగుల మధ్య కూడా పని చేశారు.

ఆరోగ్యం చెడి స్వదేశానికి తిరిగి వెళుతూ, ఓడ కోసం బొంబాయిలో కొన్ని నెలలు ఆగవలసి వచ్చింది. ఆయన దిగిన ఇంటివారు గాంధీగారికి తెలిసినవారు. ఆ విధంగా గాంధీగారి ప్రసంగాలకు, ప్రార్థన కూడికలకు వెళ్ళడం జరిగింది. అప్పుడు బేకర్ కాళ్ళకున్నవి చైనాలో పాత గుడ్డపేలికలతో చేత్తో కుట్టిన చెప్పులు. గాంధీగారి చూపు వాటి మీద పడింది. అవి ఎలా కుట్టారో అడిగి తెలుసుకున్నారు. ఆ పరిచయంలోనే, మీ చదువు మా పల్లెలకు కావాలని, మంచి ఊళ్ళో మంచి ఇల్లంటే చుట్టూ అయిదు మైళ్ళలో దొరికే వస్తువులతో కట్టినదని ఆయన అన్నట్టు బేకర్ తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్నారు.

1945లో బేకర్ మళ్ళీ ఇండియాకు వచ్చారు. కుష్ఠురోగుల కోసం పనిచేసే మిషను ఆయనను ఆర్కిటెక్టుగా నియమించింది. మన డిచ్‌పల్లి, సాలూరు కుష్ఠు ఆసుపత్రుల పేర్లు ఎరిగిన పెద్దలకు ఆ కాలం జ్ఞాపకం ఉంటుంది. అంతవరకు ఆ జబ్బుకు నయం లేదని రోగులను ఊరవతల ఆశ్రమాల్లో ఉంచేవారు. కొత్త మందులు రావడంతో నయం చేసి ఇంటికి పంపవచ్చునన్న ఆశ కలిగింది. ఆ ఆశ్రమాలను ఆసుపత్రులుగా మార్చాలి, లేదా కొత్తగా కట్టాలి. అది బేకర్ ఉద్యోగం. మంచి ఉద్యోగమే, సేవ కూడాను.

ఇక్కడే నాకు ఆశ్చర్యం కలిగించిన విషయం ఉంది. ఆయన పని మీద విసిగిపోలేదు. ఆయనకు ఇబ్బంది కలిగించినవి రెండు. ఒకటి, మిషనరీల పెద్ద బంగళాలు, నౌకర్లు, తేనీటి విందులు. తన నమ్మకానికి అవి సరిపడలేదు. ఫైజాబాదులో చాందీ అనే భారతీయ వైద్యుని ఇంట్లో ఉండిపోయారు. రెండవది, తన చదువు. ఇంగ్లండులో నేర్చింది ఉక్కు, కాంక్రీటు. ఇక్కడ ఎదురైంది మట్టి, పేడ, రాయి, చెదలు, నాలుగు నెలల వాన. ఇక్కడి సామాన్యులకు తెలిసినది తనకు తెలియదు. సైటు మీద నిలబడి, మేస్త్రీ కన్నా తాను వెనకబడి ఉన్నానని ఒప్పుకున్న ఇంజనీరును మీరెప్పుడైనా చూశారా? నేను చూడలేదు.

ఆ డాక్టరు చాందీగారి సోదరి ఎలిజబెత్ కూడా వైద్యురాలే. అదే కుష్ఠు మిషనులో, మన హైదరాబాదులో పనిచేస్తూ ఉండేవారు. వీరిద్దరికి పరిచయం కలిగింది. రెండు కుటుంబాలూ కొంత జంకినా 1948లో పెళ్ళి జరిగింది. పెళ్ళయ్యాక హిమాలయాల్లో పిథోరాగఢ్ వైపు కాలినడకన విహారానికి వెళ్ళారు. వచ్చినామె డాక్టరని కొండల్లో తెలిసింది. దగ్గరలో వైద్యం లేదు. రోగులు కట్టుకట్టుకుని వచ్చారు. విహారానికి వెళ్ళిన ఆ ఇద్దరూ అక్కడే ఇల్లు కట్టుకున్నారు. అలా పదహారేళ్ళు గడిచాయి.

పదహారేళ్ళ మౌనం

బేకర్‌ను గురించి రాసేవారు సాధారణంగా ఈ పదహారేళ్ళను నాలుగు వాక్యాల్లో దాటేస్తారు. నాకు మాత్రం అసలు సంగతి ఇక్కడే ఉందనిపిస్తుంది.

ముందుగా, ఆ ఇంటి పని మొదట భార్య పని. ఆమె చేతి వైద్యం కోసం ఊరు వాళ్ళను ఆపింది. ఆయన ఆసుపత్రి కట్టారు, ఆసుపత్రి పనుల్లో చేయందించారు, పిల్లలకు బడి కట్టారు. ఉద్యోగం మానేసి తన సొంత పనికి పోతానన్న మగవాడి కథలో అతని వెనుక ఒక ఆడమనిషి జీతమో, వైద్యమో, టైలరింగు మిషనో, రెండు గేదెల పాలో ఉండి తీరుతుంది. ఆ మాట ఎవరూ చెప్పరు. పేతురు వలలు విడిచి వెళ్ళాడని ప్రతి యౌవనుల కూడికలోనూ ప్రసంగం వింటాం. పేతురు ఇంట్లో అత్తగారున్నదనీ, ఆమె జ్వరంతో పడుకున్నదనీ సువార్తలోనే ఉంది. ఆ ఇంట్లో ఆ తర్వాత పొయ్యి ఎలా వెలిగిందని అడిగిన ప్రసంగీకుణ్ణి నేను ఒక్కణ్ణీ ఎరుగను.

మరొక సంగతి. ఆ కొండల్లో బేకర్ నేర్చుకున్నారు. కొండవాళ్ళు రాయిని ఎలా పేరుస్తారో, ఏ మట్టిలో ఏది కలిపితే వానకు కరగదో, మంచుగాలి ఏ వైపునుంచి వస్తుందో చూసి వాళ్ళ ఇళ్ళ దగ్గరే చదువుకున్నారు. బయటినుంచి అడిగినవారికి కూడా కట్టేవారు. లక్నోలో వెల్తీ ఫిషర్ అనే అమెరికను వృద్ధురాలు వయోజనులకు చదువు నేర్పే కేంద్రం పెట్టి, దాని భవనాలను ఆయన చేత కట్టించుకున్నారు. అంతే తప్ప పత్రికల్లో పేరు లేదు, బిరుదు లేదు.

1963లో వారు కేరళ కొండల్లోని వాగమణ్‌కు మారారు. 1960ల చివర తిరువనంతపురం చేరారు. లోకం ఆయన పేరు వినడం మొదలైంది అప్పుడు. అప్పటికి ఆయన వయసు యాభై దాటింది. ఈ లెక్కను మా మేనల్లుడికి రెండుసార్లు చెప్పాను. ముప్పై రెండేళ్ళకే విసుగు పడేవాడికి అది తెలియడం మంచిది.

తిరువనంతపురంలో బేకర్‌కు ఆఫీసు లేదు, గుమాస్తా లేడు, బోర్డు లేదు. తాపీమేస్త్రీలతో కలిసి సైటు మీదే ఉండేవారు. ఇంటివాళ్ళను కూర్చోబెట్టి మీరు ఎక్కడ వండుకుంటారు, ఎక్కడ పడుకుంటారు, ముసలివాళ్ళున్నారా అని అడిగి, వాడేసిన కవర్ల వెనక, చిత్తు కాయితాల మీద ప్లాను గీసేవారు. చెట్టు అడ్డం వస్తే గోడను వంచేవారు, చెట్టు కొట్టేవారు కాదు. పాత ఇళ్ళు పడగొడుతుంటే వెళ్ళి తలుపులు, కిటికీలు తెచ్చి వాడేవారు. తన సొంత ఇంటిని నాలాంచిరలో రాతి వాలు మీద అలాగే కట్టుకున్నారు. ఆ నగరంలోనే వెయ్యికి పైగా ఇళ్ళు కట్టారని చెబుతారు. వాటిలో గుడిసెవాసుల ఇళ్ళూ ఉన్నాయి, జడ్జీల ఇళ్ళూ ఉన్నాయి. 1971లో ఆర్థికవేత్త కె. ఎన్. రాజ్ నెలకొల్పిన అభివృద్ధి అధ్యయన కేంద్రాన్ని ఉళ్ళూరులో కొండవాలు మీద పూత లేని ఎర్ర ఇటుకతో కట్టారు. బస్టాండు ఎదుట ఇండియన్ కాఫీ హౌసును మెట్లదారి చుట్ట చుట్టినట్టు గుండ్రంగా కట్టారు. తిరువనంతపురం వెళ్ళినవారు అందులో కాఫీ తాగి రావచ్చు, పైకి ఎక్కుతూ ఉంటే వరసగా బల్లలు వస్తాయి.

అప్పటి ముఖ్యమంత్రి అచ్యుత మేనోన్ ఆయన పనిని ఆదరించారు. 1985లో వీరంతా కలిసి కాస్ట్‌ఫోర్డ్ అనే సంస్థను స్థాపించారు. ఆయన పద్ధతిలో ఇళ్ళు కట్టడం, కట్టేవారికి నేర్పడం దాని పని. 1990లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. భారత పౌరుడిగా, తొంభై ఏళ్ళు నిండి, 2007 ఏప్రిల్ 1వ తేదీన తిరువనంతపురంలోనే కన్నుమూశారు.

ఇటుకను నిలబెట్టే విద్య

మా మేనల్లుడి జిరాక్సు పుస్తకంలో ఉన్నదేమిటో కూడా చెబుతాను. ఇల్లు కట్టుకోబోయే రైతు కుటుంబాలకు ఇది పనికివస్తుంది.

మామూలుగా తొమ్మిది అంగుళాల గోడకు ఇటుకను వెడల్పువైపు పడుకోబెడతారు. బేకర్ పద్ధతిలో ఇటుకను పక్కమీద నిలబెడతారు. నిలువుగా రెండు ఇటుకలు, వాటి మధ్య అడ్డంగా ఒకటి. గోడ మందం అదే తొమ్మిది అంగుళాలు. లోపల మాత్రం పెట్టెల్లాగ ఖాళీ మిగులుతుంది. దాదాపు నాలుగోవంతు ఇటుక మిగులుతుంది, సిమెంటూ తగ్గుతుంది. ఆ ఖాళీలో ఉన్న గాలి వేడిని లోపలికి తొందరగా రానివ్వదు. దీన్ని ఎలుకబోను కట్టు అంటారు. అడుగు వరస, పై వరస, మూలలు, తలుపుల పక్కలు మాత్రం ఖాళీ లేకుండా గట్టిగా కట్టాలి. ఇటుక సమంగా, అంచులు పదునుగా ఉండాలి. మన బట్టీల్లో వచ్చే వంకర ఇటుకతో ఇది కుదరదు. అబ్బాయి మొదట దెబ్బతిన్నది అక్కడే.

శ్లాబు సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. శ్లాబు మీద బరువు పడినప్పుడు పై భాగంలోని కాంక్రీటు నొక్కుడును మోస్తుంది. కింది భాగంలో లాగుడును మోసేది ఇనుము. ఆ కింది కాంక్రీటు చాలావరకు ఇనుమును పట్టి ఉంచడానికే. అలాంటప్పుడు ఇనుప చువ్వల మధ్య గడుల్లో అంత కాంక్రీటు పోయడమెందుకు? అక్కడ పాత బెంగుళూరు పెంకులు రెండేసి బోర్లించి పెట్టి, చువ్వల చుట్టూ, పైన కాంక్రీటు పోస్తారు. కాంక్రీటు నాలుగోవంతు దాకా తగ్గుతుంది. శ్లాబు తేలికవుతుంది, ఇల్లు చల్లగా ఉంటుంది. కాని ఇనుము లెక్క తెలిసినవాడే వేయాలి. విని నేర్చుకున్న మేస్త్రీతో ఈ పని చేయించవద్దు. తలుపు మీద కాంక్రీటు దిమ్మెకు బదులు ఇటుకల కమాను, కిటికీకి బదులు ఇటుకల మధ్య సందులు విడిచిన జాలీ గోడ, ఇలాంటివి ఇంకా ఉన్నాయి.

గోడలకు పూత అక్కరలేదని బేకర్ నమ్మకం. ఇటుక అందాన్ని ఎందుకు కప్పాలని అడిగేవారు. సున్నాన్ని ఎందుకు మరిచిపోయామనీ అడిగేవారు. మా చిన్నప్పుడు ఎద్దులు తిప్పే గానుగలో సున్నం నూరి, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోసి కలిపేవారు. మా ఊరి పాత మిషను బడి గోడలు అలాంటివే, ఇప్పటికీ మేకు దిగదు. ఆ గానుగ రాయి మా కళ్ళముందే బస్టాపు దగ్గర కూర్చునే బండ అయిపోయింది.

నేను చెప్పినది, అతను చేసినది

నెల రోజుల తర్వాత మళ్ళీ వెళ్ళాను. ఈసారి అబ్బాయినీ కోడలినీ ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడాను. పై అధికారి మీద కోపం వేరు, దేవుని పిలుపు వేరు. కోపమైతే ఇంకో ఉద్యోగంలో చేరగానే చల్లారుతుంది. పౌలు అపొస్తలుడు గుడారాలు కుట్టాడంటే ఆ పని చేతిలో ఉండబట్టే కుట్టాడు. నీ చేతిలో ఏముంది అని అడిగాను. ఎనిమిదేళ్ళ సైటు పని, సెలవుల్లో కేరళ వెళ్ళి మేస్త్రీల పక్కన నిలబడి నేర్చుకున్న రెండు వారాల పని అన్నాడు. రెండు వారాలు చాలవన్నాను. చాలవని తనకూ తెలుసన్నాడు.

అప్పుడు కోడలు నోరు విప్పింది. "మావయ్యగారూ, వీరు మానేస్తారని నాకు ఆరు నెలల ముందే తెలుసు. జీతంలోంచి కొంత పక్కన పెడుతూ వచ్చాను. ఏడాది బియ్యానికి, బాబు ఫీజుకు సరిపోతుంది. పెళ్ళప్పు మీద వడ్డీ కట్టగలం, అసలు కట్టలేం. ఏడాది తర్వాత లెక్క చూస్తాను. కుదరకపోతే మళ్ళీ పట్నం వెళ్ళాలి. అది వీరు ఒప్పుకున్నారు" అంది. బడి పిల్లల నోటుపుస్తకంలో తారీఖులవారీగా రాసి ఉంచింది. నేను తెచ్చుకున్న సలహాల్లో సగం అక్కడే మడిచి పెట్టేశాను.

ఒక్కటి మాత్రం గట్టిగా అడిగాను. మొదటి గోడను బీదవాళ్ళ ఇంట్లో కట్టవద్దు. తప్పు జరిగితే వాళ్ళకు మళ్ళీ కట్టుకునే దిక్కు లేదు. నీ ఇంట్లోనే కట్టు.

అందువల్ల మొదటి ఎలుకబోను గోడ మా బావగారి గేదెల సావిడికి లేచింది. బావగారు ఔననలేదు, కాదనలేదు. గేదెలను వేపచెట్టు కిందికి మార్చి కట్టేసుకున్నారు. ఊరి మేస్త్రీ ఇద్దరు కొడుకులతో వచ్చాడు. ఇటుకను పక్కకు నిలబెట్టడం చూసి "ఇది గోడా, పేకముక్కలా?" అన్నాడు. మొదటి రోజు కట్టింది మరునాడు అబ్బాయే విప్పించాడు, వరస వంకర పోయిందని. ఇటుక మార్చారు. పొరుగు మండలంలో అచ్చు యంత్రంతో పోసే బట్టీనుంచి తెప్పిస్తే, బండి కిరాయితో కలిపి ఖరీదు ఎక్కువైంది, మిగిలిన నాలుగోవంతులో సగం అక్కడే పోయింది. ఇది బేకర్ పుస్తకంలో లేని లెక్క. అయిదు మైళ్ళలో మంచి ఇటుక దొరకకపోతే ఏం చేయాలో గాంధీగారు చెప్పలేదు.

గోడ ఆరిన తర్వాత మేస్త్రీ ఎవరూ చెప్పకుండానే సమ్మెట తెచ్చి కొట్టి చూశాడు. ఒక ఇటుక మూల ఊడింది, గోడ కదలలేదు. అతను సమ్మెట కింద పెట్టి, ఒక బీడీ కాల్చుకుని, "శ్లాబు ఎప్పుడు?" అని అడిగాడు. ఆ మేస్త్రీయే నేటివరకు అబ్బాయితో పని చేస్తున్నాడు.

అసలు ఇల్లు పేటలో ఒక విధవరాలిది. కొడుకు పోయాడు, ఇద్దరు మనవరాళ్ళు. ప్రభుత్వం ఇచ్చే సొమ్ము విడతలవారీగా వస్తుంది. పునాదికి, గోడలకు వచ్చేసరికి చేతిలో మిగిలేది సున్న. ఆ ఇంటికి మామూలు పద్ధతిలో తొమ్మిది వేల ఇటుక అని అంచనా వేశారు. ఆరువేల ఎనిమిది వందలతో గోడలు లేచాయి. బెంగుళూరు పెంకులు పాత రైసుమిల్లు పడగొట్టిన చోట కారుచౌకగా దొరికాయి. శ్లాబు పోసిన రోజున పేటలో సగం మంది వచ్చి నీళ్ళు మోశారు. సెంట్రింగు విప్పే రోజున ఆ ముసలమ్మ మనవరాళ్ళిద్దరినీ గట్టిగా పట్టుకుని రోడ్డు అవతల నిలబడింది. అబ్బాయి మాత్రం శ్లాబు కింద నిలబడి కర్రలు తీయించాడు. అతని భార్య కూడా రోడ్డు అవతలే ఉంది, ముసలమ్మ పక్కన. కర్రలన్నీ తీశాక పైన పెంకుల గడులు వరసగా కనిపించాయి. ఎవరూ మాట్లాడలేదు. ముసలమ్మ వచ్చి పైకి చూసి, "అన్నీ బాగున్నాయి బాబూ, పూత ఎప్పుడు పూస్తావు?" అంది.

పూత అక్కరలేదమ్మా, ఇటుకే అందం, ఖర్చు తగ్గుతుంది అని అబ్బాయి అరగంట చెప్పాడు. ఆమె వినలేదు. పూత లేకపోతే సగంలో ఆగిన ఇల్లంటారు, మనవరాలికి సంబంధం రాదు అంది. పక్కింటి సగం గోడలను చూపించింది. అవీ ఎర్ర ఇటుకలే మరి! చివరికి ముందు గోడకు పూత పూసి నీలం రంగు వేశారు. మిగతా మూడు వైపులు ఇటుకలే. నాకు ఆమె మాటలో న్యాయం ఉందనే అనిపించింది. పెద్ద పట్నంలో చదువుకున్నవాడి ఇంటికి పూత లేకపోతే అది అభిరుచి. పేటలో ముసలమ్మ ఇంటికి పూత లేకపోతే అది లేమి. ఇంటివాళ్ళు ఎలా బతుకుతారో అడిగి తెలుసుకోవాలన్న బేకర్‌గారి పద్ధతినే ఆమె మావాడికి నేర్పింది.

కోడలు చెప్పినట్టే ఏడాది తర్వాత లెక్క చూసింది. నెలకు సగటున పాత జీతంలో మూడోవంతు కన్నా కొంచెం ఎక్కువ వచ్చింది. వానాకాలం మూడు నెలలు ఏమీ రాలేదు. ఆ మూడు నెలలు ఇంట్లో ఏం జరిగిందో నేను అడగలేదు, మా అక్క చెప్పింది కొంచెమే. ఆ అమ్మాయి బడిలో ఆయాగా చేరింది. పట్నం వెళ్ళాలా వద్దా అని ఇద్దరూ ఒక రాత్రంతా మాట్లాడుకున్నారట. తెల్లవారి ఆమె నోటుపుస్తకంలో ఇంకో ఏడాదికి గీతలు గీసింది.

ఈ మూడేళ్ళలో పదకొండు ఇళ్ళయ్యాయి. రెండిళ్ళవాళ్ళు ఇంకా డబ్బు ఇవ్వాలి, బహుశా ఇవ్వలేరు. పెళ్ళప్పు అసలులో కొంత తీరింది. మేస్త్రీ చిన్న కొడుకు ఇప్పుడు సొంతంగా ఎలుకబోను గోడ కట్టగలడు, శ్లాబు మాత్రం అబ్బాయి లేకుండా పోయడు.

బావగారు గేదెలను కొత్త సావిడిలోకి మార్చారు. ఎండాకాలంలో మధ్యాహ్నం పూట ఆయన మంచం కూడా అక్కడే వేసుకుంటున్నారు, చల్లగా ఉంటుందని. మొన్న నేను వెళ్ళినప్పుడు పొరుగూరి సంఘపెద్ద ఒకరు వచ్చి ఉన్నారు. "మీ అబ్బాయి ఏం చేస్తున్నాడండీ?" అని ఆయన అడిగారు. మా బావగారు నా వైపు చూడకుండా, "పట్నంలో ఇంజనీరండీ. సెలవు మీద వచ్చాడు" అన్నారు.